తెర లేవని ఆదివారం

ఎనిమిదైంది. డల్సీ కిటికీ తెర ఇంకా లేవలేదు. లేవదు కూడా, నాకు తెలుసు, కంగారు పడాల్సిందేమీ లేదు. ఇవాళ అక్టోబరు మొదటి ఆదివారం, ఎండాకాలం సాయంత్రాలు వెలుగు కలిసిరావాలని గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరుపుకోమని ప్రభుత్వం చెప్పిన రోజు, ఊరంతా పడుకునే ముందే జరిపేసుకుంటుంది, డల్సీ మాత్రం జరపదు. ఆదివారం దేవుడిది, ప్రభుత్వానికి కావాలంటే సోమవారం తీసుకోమను అంటుంది. కనక నా గడియారంలో ఎనిమిదైతే ఆమె గడియారంలో ఏడు. ఆమెకి ఎనిమిదయ్యేసరికి నాకు తొమ్మిది. ఏటా ఇదే తంతు. మా వీధిలో దీన్ని డల్సీ గంట అనేవాళ్లం, అనేవాళ్లం అంటే అప్పుడు ఉన్నవాళ్లందరం. ఒక్క గంట, అంతే. కూర్చో నోలా, టీ తాగు, కాల్చిన రొట్టె చల్లారిపోతోంది, ఎనభైకి దగ్గరపడ్డదానివి, ఒక్క గంట కూర్చోలేవా. కూర్చోగలను. కూర్చోవడం తప్ప ఈ ఊళ్లో ఇంకేం మిగిలింది గనక. వీధికి ఇటు నేను, అటు ఆమె, మధ్యలో రోడ్డు, రోడ్డు చివర గోధుమలు నిలవచేసే సైలోలు, వాటి నెత్తిన అరుచుకుంటున్న తెల్ల చిలకలు, వాటి అవతల కనుచూపు మేర ఆవపూలలాంటి కనోలా చేల పసుపు. ఈ పసుపు వచ్చిందంటే డల్సీకి తుమ్ములు. రోడ్డు దాటి నా కిటికీలోకి వినబడేంత తుమ్ములు. ఇవాళ తుమ్ము కూడా వినబడలేదు. పడుకుని ఉంటుంది. ఆమెకి ఇంకా ఏడే కదా.

తెర మాత్రం తెల్లగా, కిందిదాకా దిగి, నా వైపే చూస్తున్నట్టుంది. ఎనిమిదికల్లా తెర ఎత్తాలన్న కట్టుబాటు ఆర్నీ లిండ్నర్ పోయినప్పుడు మొదలైంది. ఆర్నీ ఒంటిగాడు, పొలం అమ్ముకుని మా వీధి చివరింట్లో దిగాడు, పలకరిస్తే టోపీ ఎత్తేవాడే తప్ప మాట కలిపేవాడు కాదు, సాయంత్రమయ్యేసరికి టీవీ పెట్టుకునేవాడు. కిటికీ మీద నీలం వెలుగు ఆడుతుంటే చూసి, ఆర్నీ బాగానే ఉన్నాడులే అనుకుని ఎవరి తలుపులు వాళ్లం వేసుకునేవాళ్లం. అలా ఎన్ని సాయంత్రాలు అనుకున్నామో. ఆర్నీ కుర్చీలో కూర్చుని కూర్చునే పోయి ఉన్నాడు. టీవీ మాత్రం ఆడుతూనే ఉంది, వంటల పోటీలు, వానల కబురు, ఫుట్‌బాల్, అన్నీ అతనికి చూపించుకుంటూ. నేను ఆ వెలుగు చూసి ఒకరోజు చెయ్యి కూడా ఊపాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పి ఏం లాభం. అంత్యక్రియలైన రోజు మహిళా సంఘం హాల్లో అందరి ముందూ స్కోన్ రొట్టెలూ జామూ పెట్టారు, ఒక్కరూ ముట్టుకోలేదు. అప్పుడు డల్సీ లేచి నిలబడింది.

"అందరూ వినండి. ఒంటరిగా ఉన్నవాళ్లు పొద్దున ఎనిమిదికల్లా వీధివైపు కిటికీ తెర ఎత్తాలి. ఎదురింటివాళ్లు చూడాలి. లేవకపోతే తాళంచెవి తీసుకుని లోపలికెళ్లాలి. తలుపు కొడుతూ నిలబడ్డాలూ, మొహమాటాలూ లేవు. వెళ్లడమే."

"నేను స్నానంలో ఉంటేనో?" అన్నాడు వెనకనుంచి బేకరీ క్లారీ.

"నిన్నలా చూడాలని ఎవరికీ సరదా లేదులే. ఎనిమిదిలోపు కానిచ్చుకో."

అందరూ నవ్వారు, అప్పుడే స్కోన్లు కూడా తిన్నారు. పెళ్లిలో ఉంగరాలు మార్చుకున్నట్టు తాళంచెవులు మార్చుకున్నాం. డల్సీది నాకు, నాది డల్సీకి. పొద్దున్నే వీధంతా ఒక్కొక్క తెర సర్రున లేస్తుంటే చూడముచ్చటగా ఉండేది, ఒకరికొకరం కనపడకుండానే పలకరించుకున్నట్టుండేది. ఆ తర్వాత ఒక్కొక్కటే దిగిపోయాయి. కొన్ని దిగి అలాగే ఉండిపోయాయి, కొన్నిళ్లకి అమ్మకం బోర్డులు పెట్టారు, బోర్డులు కూడా ఎండకి వెలిసిపోయాయి. క్లారీ పగటిపూట పోయాడు, అందుకని అతని తెర పైకే ఉండిపోయింది, ఇప్పటికీ ఎవరూ దించలేదు. ఆ ఇంటి ముందునుంచి వెళ్లినప్పుడల్లా బాగానే ఉన్నావా క్లారీ అని అడగాలనిపిస్తుంది. ఒకసారి అడిగాను కూడా. వీధిలో ఎవరూ లేరు, ఉంటే పిచ్చిదాన్ననుకునేవాళ్లు, కానీ ఉంటే కదా.

అదిగో, ఆర్నీ ఇంటి జాలి తలుపు. గాలి ఉత్తరం నుంచి వచ్చిందంటే ఆ దోమల జాలి తలుపు కొట్టుకుంటుంది, ఒకసారి సాగదీసి, రెండుసార్లు పొట్టిగా. ఎవరికైనా చెప్తే నవ్వుతారు, డల్సీ నవ్వదు, ఆమెకీ తెలుసు, ఆర్నీ పొలంలో ఉన్నప్పుడు అతని ఫోను మోత అదే, ఒక పొడుగు, రెండు పొట్టి. ఈ చేతులతో ఎన్నిసార్లు మోగించానో. పదహారేళ్లకి పోస్టాఫీసు వెనక గదిలో టెలిఫోను బోర్డు ముందు కూర్చున్నాను, డల్సీ పెద్దామె, అంటే ఆమెకి అప్పుడు పాతికేళ్లు. పొలాల మీది ఇళ్లకి అయిదారింటికి కలిపి ఒకే తీగ, ఒక్కో ఇంటికి ఒక్కో మోత, ఎవరి మోత విని వాళ్లే ఎత్తాలి, మిగిలినవాళ్లు ఎత్తకూడదు, అందరూ ఎత్తేవాళ్లే. పుట్టుకలు, చావులు, గొర్రెల ధరలు, ఎవరి మొగుడు ఎవరింటి దగ్గర ఆగాడో, అన్నీ మా చెవుల్లోంచే వెళ్లేవి. మొదటిరోజే డల్సీ చెప్పింది.

"ఒసేయ్ పిల్లా, ఇక్కడ చెవులే ఉంటాయి, నోరుండదు. విన్నది ఇంటికి మోసుకెళ్లావో, ఆ రోజే నీ ఉద్యోగం హుష్."

"మరి వినడమెందుకండీ?"

"లైను తెగలేదని తెలుసుకోడానికి."

లైను తెగలేదని. ఆ బోర్డు తీసేసి ఎన్నేళ్లైందో, మనిషి కలపక్కర్లేని ఆటోమేటిక్ ఫోన్లు వచ్చిన రోజు డల్సీ, నేను ఆ గదిలో ఖాళీ గోడ చూస్తూ నిలబడ్డాం, గోడమీద బోర్డు ఉన్నమేర రంగు తెల్లగా ఉంది. ఆ గొంతులన్నీ ఎక్కడికి పోతాయి. పోలేదు, నా దగ్గరే ఉన్నాయి. పొద్దున్నే మెలకువ వచ్చీరాని వేళ చెవుల్లో మోగుతాయి, రెండు పొడుగు, ఒక పొట్టి, అది కోల్స్‌వర్తీలు, ముగ్గురన్నదమ్ములు, ముగ్గురూ శ్మశానంలో వరసగా ఉన్నారు. ఒక పొట్టి, ఒక పొడుగు, అది కొండవైపు ఇల్లు, ఇప్పుడు పైకప్పు లేదు. నెంబరు చెప్పండి, కలుపుతున్నాను. కలుపుతున్నాను, కలుపుతున్నాను. అవతల ఎవరూ ఎత్తరు. మా ఆయన లెస్ ఉన్నప్పుడు, నిద్దట్లో లైన్లు కలుపుతావే నువ్వు అని వెక్కిరించేవాడు. ఇప్పుడు వెక్కిరించేవాడు లేడు, పక్కమీద అతని వైపు దుప్పటి నలగదు. మాకు పిల్లలు కలగలేదు, అదొక దిగులుగా ఉండేది ఒకప్పుడు, ఇప్పుడు అది కూడా పాత సామాను గదిలో పెట్టేసినట్టుంది.

టీ చల్లారింది. కదలకు, మళ్లీ కెటిల్ పెట్టడానికి వంటింట్లోకి వెళ్తే కిటికీ కనబడదు. ఎనిమిదింపావు కూడా కాలేదు, ఈ గడియారం ఇంత నెమ్మదిగా నడవడం ఎప్పుడూ చూడలేదు. పోయినేడు విశ్వవిద్యాలయం నుంచి ఒకతను వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, హాల్లో గోడమీద బొమ్మ వేసి చూపించాడు, ఊళ్లో ఏ వయసువాళ్లు ఎంతమంది ఉన్నారో గీతలు గీతలుగా. మామూలు ఊళ్లలో కింద పిల్లలు ఎక్కువగా, పైకి పోయేకొద్దీ ముసలివాళ్లు తక్కువగా ఉండాలిట. మాది తలకిందులు. పైన మేమంతా లావుగా, కింద మొన తేలి. చావులు పుట్టుకల్ని మించిపోవడాన్ని సహజ తగ్గుదల అంటారని చెప్పాడు, మెత్తగానే చెప్పాడు పాపం, మాకు నొప్పి కలగకుండా.

"చూస్తే బొంగరంలా ఉంది నాయనా," అంది డల్సీ ముందు వరసలోంచి.

"అవునండీ, కొంచెం అలాగే..."

"బొంగరం తిరిగినంతసేపూ పడదులే. బిస్కట్టు తీసుకో."

అందరూ పగలబడి నవ్వారు, అతనూ నవ్వాడు, బిస్కట్టు తీసుకున్నాడు. ఇంటికొస్తూ దారిలో మాత్రం డల్సీ నా చెయ్యి పట్టుకుని నడిచింది, ఆమె ఎప్పుడూ ఎవరి చెయ్యీ పట్టుకోదు. సహజ తగ్గుదల. కోల్స్‌వర్తీలు ముగ్గురు, క్లారీ, లెస్, అందరూ సహజంగానే తగ్గారు. అందరూ ముసలివాళ్లే అంటే అది కూడా నిజం కాదు, ఏటివైపు వెళ్లి చూడమనాలి అతన్ని, అక్కడ ఆదివాసుల ఇళ్లనిండా పిల్లలే, సైకిళ్లు, కుక్కలు, బట్టల తాళ్లమీద చిన్న చిన్న లాగులు. బడి ఇంకా తెరిచి ఉందంటే ఆ పిల్లల పుణ్యమే. ఈ నేల మొదటినుంచీ వాళ్ల ముత్తాతలది. మా తాతలు వచ్చి వాళ్లని ఖాళీ చేయించారు, ఇప్పుడు మేం ఒక్కొక్కరం ఖాళీ చేస్తున్నాం, వాళ్లేమో ఇక్కడే ఉన్నారు, వాళ్ల ముసలమ్మలు ఒకప్పుడు పోస్టాఫీసు గుమ్మం బయటే నిలబడేవారు, లోపలికి రావచ్చని ఎవరూ అనేవారు కాదు, నేనూ అనలేదు, పదహారేళ్లదాన్ని, అసలు అనాలని తోచలేదు. ఆ ముసలమ్మలు కూడా వస్తారు నా మెలకువలోకి, వాళ్లకి మోత లేదు, ఊరికే నిలబడి ఉంటారు. ఇక వయసులో ఉన్నవాళ్లంటే వృద్ధాశ్రమంలో నర్సులు, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పిల్లలు, మారిసెల్, ఆమె చెల్లెళ్లు. ఈ ఊళ్లో మమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టేదీ, స్నానం చేయించేదీ, చివర్న కళ్లు మూసేదీ వాళ్లే. మారిసెల్ అంబులెన్సు వాలంటీరు కూడా. పెద్దూరి నుంచి అంబులెన్సు వచ్చేలోపు మందుల సంచి పట్టుకుని ముందు వచ్చేది ఆమే.

మారిసెల్ వచ్చిందంటే గ్రాంట్‌కి తెలిసినట్టే. అదే కదా అసలు సంగతి. గ్రాంట్ డల్సీ మేనల్లుడు, దూరాన సముద్రపు ఒడ్డున జీలాంగ్‌లో ఉంటాడు, మంచివాడే, మంచివాడు కాబట్టే చిక్కు. మార్చిలో ఒకరోజు తెర లేవలేదు, నేను నా కట్టుబాటు ప్రకారం తాళంచెవి తీసుకున్నాను, ఒక్కదాన్నీ వెళ్లడానికి గుండె చాలక దారిలో వెళ్తున్న మారిసెల్‌ని పిలిచాను. డల్సీకి జ్వరం, మంచం పక్కన పడి లేవలేకపోయింది, అంతే, రెండు రోజుల్లో తగ్గిపోయింది. కానీ మారిసెల్ ఉద్యోగం అలాంటిది, చెప్పాల్సినవాళ్లకి చెప్పింది. డాక్టరు వచ్చి ఇవాళ ఏ వారం, ప్రధానమంత్రి ఎవరు అని అడిగితే డల్సీ, నాకు పరిచయం లేదు, ఆయనెప్పుడూ ఇటు రాలేదు అని జవాబు చెప్పింది, అది కూడా ఆమెకి వ్యతిరేకంగానే రాసుకున్నారు. గ్రాంట్ కారు దిగి నన్ను పక్కకి పిలిచాడు.

"నోలా ఆంటీ, మీరుండబట్టి ధైర్యంగా ఉన్నాను. కానీ ఇంకొక్కసారి ఇలా కింద పడి దొరికిందంటే మాత్రం ఇక వినను. మా ఇంటి దగ్గర మంచి హోమ్ ఉంది, గది చెప్పి ఉంచాను. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది."

"ఆమెకి సముద్రం ఎందుకయ్యా? పుట్టినప్పటినుంచీ గోధుమ చేలు చూసిన మనిషికి?"

"అక్కడ పడితే ఎత్తేవాళ్లుంటారు ఆంటీ."

మెడలో వేసుకోవడానికి మీటతో ఒక పతకం కూడా ఇచ్చి వెళ్లాడు, పడితే నొక్కాలి, ఎక్కడో ఎవరికో వినబడుతుంది. ఆవుకి గంట కట్టినట్టు నాకు కడతాడా అని డల్సీ దాన్ని ఫ్రిజ్ తలుపుకి తగిలించింది. నాతో మూడు వారాలు మాట్లాడలేదు. తెర మాత్రం రోజూ ఎనిమిదికి ముందే సర్రున లేచేది, చప్పుడులో కోపం తెలిసేది. మాట్లాడ్డం మొదలుపెట్టిన రోజు ఒకటే అంది.

"ఇంకోసారి టైము కాకుండా ఆ తాళంచెవి పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చావంటే, నన్ను పాతిపెట్టడానికే వచ్చావనుకుంటా."

టైము కాకుండా. కాలేదు కదా, ఆమె టైము ఇంకా కాలేదు. ఇప్పుడు వెళ్తే ఏమవుతుంది, నైట్‌గౌనులో తలుపు తీసి, ఇవాళ ఏ రోజో తెలీదా నీకు, మతి ఉందా అంటుంది. లేదా తలుపు తీయదు. తీయకపోతే. ఫోను చేశాను, లేచిన వెంటనే ఒకసారి, ఇప్పుడు మళ్లీ, రోడ్డు అవతల ఆమె నడవాలో మోగుతుంటే ఇక్కడికి సన్నగా వినబడింది, మోగి మోగి ఆగిపోయింది. చెవి మిషన్లు పెట్టుకోనిదే ఆమెకి ఫోను వినబడదు, తెర ఎత్తే ముందుగానీ పెట్టుకోదు, కాబట్టి ఫోను ఎత్తకపోవడంలో వింత లేదు. దేనిలోనూ వింత లేదు. అన్నిటికీ కారణం ఉంది. ఆర్నీ టీవీ వెలుగుకీ కారణం ఉంది. నేను చెయ్యి ఊపినదానికీ కారణం ఉంది. లెస్, నువ్వుంటే ఏమనేవాడివి. ఆమె జోలికి వెళ్లకే, ఆమె గంట ఆమెకి వదిలెయ్యి అనేవాడివి, పేపరు మడతపెట్టుకుంటూ, తల ఎత్తకుండా. నువ్వు కూడా పెద్దూరి ఆసుపత్రిలో, నేను బస్సులో ఉండగానే వెళ్లిపోయావు, ఎవరినీ కంగారు పెట్టడం ఇష్టం లేదు నీకు. కంగారు పెట్టి ఉంటే బావుండేది.

ఎండ వరండా మెట్టెక్కింది. తెర మీద వెలుగు పడి వెనక ఏదో కదిలినట్టుంది, లేచాను, కాదు, చెట్టు నీడ. క్లారీ కిటికీలో కూడా కదిలినట్టుంది. కదిలితే కదలనీ, ఇవాళ ఎవరెవరు కిటికీల్లోకి వచ్చి నిలబడినా నాకు ఆశ్చర్యం లేదు, వీధంతా తెరలు ఎత్తుకుని నేనేం చేస్తానా అని చూస్తున్నట్టే ఉంది. ఒక్క డల్సీ తెర తప్ప.

మాగ్‌పై పిట్ట వచ్చింది. నలుపూ తెలుపూ, గుమ్మటంలా ఛాతీ విరుచుకుని, రోజూ వచ్చేదే, డల్సీ వరండా కమ్మీ మీద వాలి గొంతు విప్పింది. ఈ కాలంలో గూడు పెట్టి దారినపోయే అందరి నెత్తినా పొడుస్తుంది, డల్సీని మాత్రం పొడవదు, ఆమె లేచిన వెంటనే నైట్‌గౌనుతోనే బయటికొచ్చి దానికి చిటికెడు మాంసం ఖైమా పెడుతుంది, అది తిని వెళ్లాకే మొహం కడుక్కుని, బట్టలు మార్చుకుని తెర ఎత్తుతుంది. పిట్ట కమ్మీ మీద అటు నడిచింది, ఇటు నడిచింది. కూసింది. ఆగింది. దిగి గుమ్మం ముందు నిలబడి జాలి తలుపుని ముక్కుతో కొట్టింది. నేను నవ్వబోయాను. కొంచెం ఆగవే, డల్సీకి ఇంకా తెల్లారలేదు, అనబోయి ఆగాను. పిట్టకి ప్రభుత్వం టైము తెలీదు. అది ఎండని చూసుకుని వస్తుంది. డల్సీ కూడా ఇవాళ పాత టైములోనే ఉంది కదా, నేననుకున్నట్టు. అలాగైతే పిట్టా ఆమే ఒక్క వేళకే లేవాలి, నిన్నటిలాగే, మొన్నటిలాగే ఆమె ఈపాటికి బయటికి రావాలి. గడియారంతో ఏ సంబంధం లేదు. నిన్న ఈ ఎండలో వచ్చింది, ఇవాళ ఈ ఎండలో రాలేదు. పిట్ట మళ్లీ కొట్టింది. నేను ఇంతసేపు కూర్చున్నది దేనికి.

తాళంచెవి మేకుకే ఉంది. చెప్పులు ఏవో తగిలించుకున్నాను, గౌను మీద లెస్ పాత కోటు. రోడ్డు ఇంత వెడల్పెప్పుడైంది. పిట్ట నన్ను చూసి ఎగిరి వచ్చి నెత్తిమీద తాకింది, రెండోసారి కూడా తాకింది, తాకనీ. ఆర్నీ తలుపు కొట్టుకుంటూనే ఉంది, ఒక పొడుగు, రెండు పొట్టి, వస్తున్నా ఉండు, నీ దగ్గరికి కాదు. తాళం రంధ్రంలో చెవి పట్టడం లేదు, దేవుడా, ఒక్కటి అడుగుతాను, అరవనీ, నన్ను తిట్టనీ, మతి ఉందా అననీ, ఏడాదిపాటు మాట్లాడకపోనీ. తలుపు తెరుచుకుంది. నడవా చీకటిగా, సబ్బు వాసన.

వంటింటి నేలమీద ఉంది. కుర్చీ ఒకటి పక్కకి ఒరిగిపోయి ఉంది, ఆమె కుడికాలు కాలు ఉండాల్సిన తీరులో లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. నన్ను చూశాయి.

"వచ్చావా," అంది. గొంతు ఎండిపోయి ఉంది.

మోకాళ్లమీద కూలబడ్డాను. ఆమె చెయ్యి చల్లగా ఉంది, పట్టుకుంటే తిరిగి పట్టుకుంది.

"అరవలేకపోయావా డల్సీ?" ఆమె చెవి దగ్గరికి వంగి అన్నాను.

"అరిచా. నాకే వినబడలేదు."

"కుర్చీ ఎందుకెక్కావే, ముసలిదానా!"

జవాబు చెప్పకుండా కళ్లు పక్కకి తిప్పింది. అప్పుడు చూశాను, ఆమె చంక కింద గోడ గడియారం, అద్దం పగిలి ఉంది, ముళ్లు నడుస్తున్నాయి. నా టైమే చూపిస్తోంది. సరైన టైము.

"ఇవాళ ఆదివారం," అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"తెలుసులే. మార్చి నుంచీ చూస్తున్నా నిన్ను. ఏడింటినుంచే కిటికీ దగ్గర దెయ్యంలా తచ్చాడుతుంటావు. ఈ ఒక్క ఏడూ నీ టైముకే ఎత్తుదాం, గంటసేపు నిన్ను చంపకుండా ఉంటే పోతుందనుకున్నా." ఊపిరి తీసుకుంది, నొప్పి ముఖంలోకి వచ్చి వెళ్లింది. "పడ్డాక నువ్వేమనుకుంటున్నావో కూడా తెలుస్తూనే ఉంది. డల్సీ గంట అనుకుంటుంది, కూర్చుని టీ తాగుతుంది అనుకున్నా."

"తాగలేదు," అన్నాను. అప్పటికి ఏడుపు వచ్చేసింది. "చల్లారిపోయింది."

కుర్చీమీది దిండు తీసి ఆమె తలకింద పెట్టాను, లెస్ కోటు కప్పాను. కాలు చూడలేకపోయాను. నీళ్లు తాగించబోతే పెదాలు తడుపుకుని చాలంది. లేవబోయాను, నడవాలో ఫోను దగ్గరికి, అప్పుడు ఆమె నా గౌను అంచు పట్టుకుంది.

"ఫోను చెయ్యకే."

"కాలు విరిగింది డల్సీ."

"తెలుసు. చేస్తే మారిసెల్ వస్తుంది. మారిసెల్ వస్తే గ్రాంట్ రేపటికి కారేసుకుని దిగుతాడు."

"దిగనీ. నొప్పికి చస్తావిక్కడ."

"నా గురించి కాదే బుద్ధితక్కువదానా. నాకేం, సముద్రం చూస్తూ పడుంటా, చుట్టూ నర్సులు, పోతే టీ తెచ్చిన పిల్ల చూస్తుంది." అంచు వదల్లేదు. "నువ్వు పోతే ఎవరు చూస్తారే?"

బయట పిట్ట ఇంకా కూస్తోంది. నేను ఆమె వంక చూడలేకపోయాను. పొద్దున్నుంచీ గుండెల్లో ఉన్న భయమంతా ఆమె కోసమే అనుకున్నాను, ఆమె మంచితనం, ఆమె పట్టుదల, ఆమె ఇల్లు, ఆమెని ఎక్కడికో తీసుకుపోతారేమోనని, అంతా ఆమె కోసమే. కాదు. ఆమె వెళ్లిపోయాక వీధిలో మిగిలే ఒకే ఒక్క తెర నాది, అది లేచినా లేవకపోయినా ఒక్కటే. ఆ మాట నేను నాతో కూడా అనుకోలేదు. ఆమె మాత్రం, కాలు విరిగి చల్లటి నేలమీద పడి ఉండి, దాని గురించే ఆలోచిస్తోంది. నాకు చాలా భయమేసింది. ఆమె చెప్పినట్టు చెయ్యాలనిపించింది, నిజం, పక్కనే పడుకుని ఊరుకుందామనిపించింది. ఆమె ముఖం బూడిద రంగులోకి తిరుగుతోంది. గౌను అంచు పట్టుకున్న వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను. గట్టిగానే పట్టుకుంది. చివరి వేలు విడదీశాక ఆమె నన్ను చూడకుండా గోడవైపు తల తిప్పుకుంది.

నడవాలో ఫోను ఎత్తి అత్యవసరం నంబరు, మూడు సున్నాలు నొక్కాను. ఎక్కడో నగరంలో ఒక అమ్మాయి గొంతు, చిన్నపిల్ల, అంబులెన్సు అన్నాను, ఊరి పేరు చెప్పాను, ఆమె ఎప్పుడూ విననట్టుంది, ఇంకోసారి చెప్పించుకుంది. వయసు అడిగింది, ఊపిరి ఆడుతోందా అని అడిగింది, ఆడుతోందన్నాను.

"ఆవిడ దగ్గర ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"నేనున్నాను."

"మీరు ఆవిడకి ఏమవుతారు?"

వంటింటి గుమ్మంలోంచి డల్సీ తెల్ల జుట్టు కనబడుతోంది, ఇంకా గోడవైపే.

"ఎదురింటిదాన్ని," అన్నాను.